ఆరు సాంచాలు చూసినవాడు

అది మొదలైంది 2020 మార్చి 22, ఆదివారం, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు. ఈ తేదీలోనూ ఈ గంటలోనూ నాకు అనుమానం లేదు. ఆ రోజు జనతా కర్ఫ్యూ. సరిగ్గా ఐదింటికి దేశమంతా చప్పట్లు కొట్టమన్నారు, కంచాలు మోగించమన్నారు. సూరత్‌లో సలాబత్‌పురా వెనక మా సందులో కూడా మోగించారు. పది నిమిషాలకు చేతులు నొప్పి పుట్టి ఆపేశారు. ఆపిన మరుక్షణం మా పక్క గదిలోని పద్నాలుగు నెలల పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. వాడి తాత చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు. బొటనవేలు నాలుకకు రాసుకుని ఆ ఉమ్మితో అద్దం తుడిచాడు. కాసేపటి క్రితమే తను తీసిన కంచాల మోత వీడియోను పిల్లవాడి ముఖానికి జానెడు దూరంలో పెట్టాడు. పిల్లవాడి నోరు మూతపడింది.

"సూసినవా అక్కా!" అన్నాడు నాతో, ఉమ్మడి వరండా అవతలి చివరకు కూడా వినపడేలా. "నిమిషంల బంద్ వెట్టిన. ఆరు సాంచాలు ఒక్కణ్ని సూసినోణ్ని, గీ ఒక్క పోరన్ని సూడలేనా?"

"ముందుగాల ఆ ఎంగిలి వేలు కడుక్కో," అన్నాను.

సాంచాలంటే మరమగ్గాలు, అతను వాటిని నడిపేవాడు. నా మాట అతనికి వినపడలేదు. నవ్వాడు.

ఇప్పుడు ఇది గుర్తు రావడానికి కారణం మొన్న ఆల్థాన్‌లో జరిగిన ఒక పెళ్లి విందు. నా ఎదుటి బల్ల దగ్గర ఒక చిన్నామె నీళ్ల సీసాకు ఫోన్ ఆనించి, ఒళ్లో రెండేళ్ల బిడ్డను కూచోబెట్టుకుని పూరీ ముక్కలు తినిపిస్తోంది. బిడ్డ కళ్లు ఫోన్ మీద ఉన్నాయి. ముక్క పెదవికి తగిలితే నోరు తెరుచుకుంటోంది, వేలు బయటికి వస్తే మూసుకుంటోంది. ముక్కు కారి పైపెదవి మీదికి దిగింది. తల్లి చూడలేదు, బిడ్డకు తెలియలేదు. తరువాతి ముక్క ఆ చీమిడిలోంచే లోపలికి పోయింది. ఫోన్‌లోంచి వస్తున్న పాట నాకు తెలుసు. రంగురంగుల బండ్లు మెట్ల మీంచి దొర్లే బొమ్మల పాట అది. ఏడాదికి పైగా గోడ అవతలి నుంచి విన్నాను. నేను కంచం కింద పెట్టి, చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేశాను. రిక్షా ఎక్కేదాకా ఆ ముసలివాడి బొటనవేలే కళ్ల ముందు ఆడింది.

అతను ముసలివాడని రాశాను కానీ నాకంటే ఏడేళ్లు చిన్న. నన్ను అక్కా అనేవాడు. ముప్పై ఏళ్లకు పైగా ఒకే చాలిలో, అంటే వరస గదుల ఇంట్లో, గోడకు ఇవతల నేను, అవతల అతను. అతని జీవితచరిత్ర నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు. కరీంనగర్ వైపు నుంచి పద్దెనిమిదో ఏట వచ్చాడని ఎవరో చెప్పారు. మా సందులో అందరూ అలా వచ్చినవాళ్లే. నేను మునిసిపాలిటీ వారి తెలుగు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. లెక్క తప్పితే నాకు ఒళ్లు మండుతుంది. అతన్ని చూసినా మండేది.

ఏది కనపడినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూడడం అతని అలవాటు. బజారులో బట్ట, పీట మీద పిండిముద్ద, మనవడి చెవి తమ్మె, అన్నీ నలిపేవాడు. ఒకసారి నేను కూరగాయలు బేరమాడుతుంటే వెనకనుంచి వచ్చి నా చీర చెంగు పట్టుకుని నలిపాడు.

"అక్కా, గీ మాల్ మన సాంచాలది కాదు. నిన్ను మోసం జేసిన్రు."

"చెంగు ఇడువు."

"గంత కోపమెందుకు? మంచికే చెప్తున్న గదా."

టీ సాసర్‌లో పోసుకుని జుర్రేవాడు. ఆ జుర్రు గోడ దాటి వచ్చేది. దారాన్ని పళ్లతో కొరికినట్టే రొట్టెనూ కొరికేవాడు. చెవుల్లో ఎప్పుడూ నూలు దూది కుక్కుకుని ఉండేవాడు. అది తీసినా పెద్ద తేడా ఉండేది కాదు, నలభై ఏళ్లకే వినికిడి సగం పోయింది. అందుకే అరిచి మాట్లాడేవాడు. వాళ్లింట్లో ఏ కూర వండారో వరండాలో ఆరు గదులకూ తెలిసేది.

మనవడి ఏడుపు కూడా అతను వినేవాడు కాదు. చూసేవాడు. నోరు తెరుచుకుంటే ఏడుపు, మూసుకుంటే ఏడుపు లేదు. సాంచా దగ్గర కూడా అంతే. పోగు తెగితే చెవికి తెలియదు, కంటికి తెలుస్తుంది. తెగిన క్షణంలో ఆపాలి, ముడి వేయాలి, మళ్లీ నడిపించాలి. ఆలస్యమైతే బట్టలో గీత పడుతుంది. నలభై ఏళ్లు ఈ ఒక్క పని చేసినవాడు అతను. తెగితే వెంటనే అతకాలి. ఎందుకు తెగిందని కూర్చుని ఆలోచించేవాడికి సాంచాల దగ్గర పని దొరకదు.

ఆ ఆదివారం పిల్లవాడు ఎందుకు ఏడ్చాడో చెప్పాలి. మా సందులో కింద సాంచాలు, పైన మనుషులు. సాంచాలు రాత్రీ పగలూ నడుస్తాయి. వాటి అదురుకు గూట్లో పెట్టిన స్టీలు గ్లాసు తనంతట తాను అంచుదాకా జరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు తల పగిలిపోతుంది. అక్కడ పుట్టినవాళ్లకు అదే జోలపాట. ఈ పిల్లవాడు అక్కడ పుట్టినవాడు. దీపావళి సెలవులకు సాంచాలు ఆగినప్పుడు వాణ్ని ఊరికి తీసుకుపోయారు కాబట్టి, ఆ గది నిశ్శబ్దంగా ఉంటే ఎలా ఉంటుందో వాడు ఎరగడు. ఆ రోజు తెల్లవారేసరికి సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. వాడు లేచి, చుట్టూ చూసి, ఏడవడం మొదలుపెట్టాడు. పాలిస్తే ఆగలేదు. ఎత్తుకు తిప్పితే ఆగలేదు. సాయంత్రం కంచాలు మోగినప్పుడే ఆగాడు.

తరువాత లాక్‌డౌన్ వచ్చింది. సాంచాలు ఆగే ఉన్నాయి. కంచాల వీడియో రెండు రోజుల్లో పాతబడింది. ఊళ్లో చుట్టాలకు చూపించడానికి ఎప్పుడో తన ఆరు సాంచాలూ నడుస్తుండగా తీసుకున్న వీడియో అతని దగ్గర ఉంది. అది పెట్టాడు. పిల్లవాడు ఫోన్ మీద చెవి ఆనించి నిద్రపోయాడు. ఆ వీడియో మూడు నిమిషాలు. అయిపోతే లేచేవాడు. అప్పుడు అతని కొడుకు ఇంటర్నెట్‌లో వెతికి, సాంచాల చప్పుడు చాలాసేపు వచ్చేది ఒకటి పెట్టించాడు. ఆ కొడుకు ఊరి పక్కన సచిన్ అనే చోట రంగుల మిల్లులో పని చేస్తాడు, అప్పుడు మిల్లు మూసి ఇంట్లోనే ఉన్నాడు. ఆ చప్పుడు అయిపోగానే దాని వెనక ఇంకొకటి దానంతట అదే వచ్చింది. రంగురంగుల బండ్లు మెట్ల మీంచి దొర్లడం మొదలుపెట్టాయి. పిల్లవాడు లేచి కూర్చున్నాడు.

వానలు పడేనాటికి సాంచాలు మళ్లీ నడిచాయి. ఏడుపుకు కారణం పోయింది. ఫోన్ పోలేదు.

అంతకుముందు ఆ ఇద్దరూ ఎలా ఉండేవారో చెబితే తప్ప నా అసహ్యం ఎవరికీ అర్థం కాదు. సాంచాల దగ్గర పక్కవాడి మాట వినపడదు కాబట్టి అక్కడివాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. అతను ఇంటికి వచ్చాక కూడా సగం చేతులతోనే మాట్లాడేవాడు. మనవడు అవి నేర్చుకున్నాడు. పద్నాలుగు నెలలకు వాడికి ఐదు వచ్చు. రెండు చేతుల వేళ్లూ చిటికెలా పట్టి విడదీస్తే పోగు తెగిందని. పిల్లవాడు రొట్టె చిరిగినా, బొమ్మ విరిగినా అది చూపేవాడు. చూపుడువేలు గాల్లో గిర్రున తిప్పితే కండె అయిపోయిందని, అంటే నాడెలో చుట్టిన దారం అయిపోయిందని. వాడు ఖాళీ గిన్నె ముందు కూర్చుని వేలు తిప్పేవాడు. అరచెయ్యి ముందుకు తోస్తే సాంచా బంద్. స్నానం చేయిస్తుంటే తల్లి మీదికి అరచెయ్యి తోసేవాడు. బొటనవేలు పెదవులకు వంచితే చాయ్. వాడికి అది పాలు. ఐదోది యజమాని సేఠ్ వస్తున్నాడు, జాగ్రత్త అని. బుగ్గలు పూరించి, పొట్ట మీద చెయ్యి గుండ్రంగా రాయడం. పిల్లవాడు తల్లి గదిలోకి రాగానే తాత వైపు తిరిగి బుగ్గలు పూరించి పొట్ట రాసేవాడు. తాత దొంగలా మంచం కింద దూరేవాడు. వాడు పడిపడి నవ్వేవాడు.

నాకు అదీ నచ్చలేదు. మనిషి పిల్లకు మాటలు నేర్పకుండా మరమగ్గం సైగలేమిటని అడిగాను.

"మాటలు యాడికి పోతయ్ అక్కా? అవే వస్తయ్," అన్నాడు. "చేతులు అందరికి రావు."

సాంచాలు నడిచాయి కానీ సేఠ్ అతన్ని తీసుకోలేదు. అరవై దాటినవాళ్లు వద్దు, రోగం వస్తే ఎవరు చూస్తారన్నాడట. కొడుకు మిల్లు సగం రోజులే నడిచేది. కోడలు ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికించే పని పట్టింది. గది పదడుగులు, పన్నెండడుగులు. మధ్యలో చీర పరిచి జిగురు చుక్కలు పెట్టి, అది ఆరేలోపల ఆవగింజలంత రాళ్లు ఒక్కొక్కటీ అంటించాలి. పిల్లవాడు చీర మీదికి పాకితే సరుకు పోతుంది. రాళ్లు నోట్లో వేసుకుంటే పిల్లవాడే పోతాడు. కనుక వాణ్ని ఒక మూల కూర్చోబెట్టి ఉంచడం తాత పని. ఆరు సాంచాలు చూసినవాడికి ఇప్పుడు ఒక మూల, ఒక పిల్లవాడు, ఒక ఫోన్.

అతను ఆ పనిలో మొనగాడయ్యాడు. దారం చుట్టే ఖాళీ కోను ఒకటి తెచ్చి, దానికి గాటు పెట్టి, ఫోన్ నిలబెట్టే పీట చేశాడు. వరండాలో ఏ పిల్ల ఏడ్చినా "ఇటు తేండ్రి" అని పిలిచేవాడు. తెచ్చేవాళ్లు. మాస్కు గడ్డం కిందికి లాగిన ముఖాలతో నలుగురైదుగురు పసివాళ్లు ఒకే అద్దం ముందు మూగేవాళ్లు. ఒకడు ఆ అద్దాన్ని నాకేవాడు, ఒకతె దాని మీద తుమ్మేది. ఇతను బొటనవేలు నాలుకకు రాసుకుని తుడిచేవాడు. ఊరంతా చేతులు కడుక్కుంటున్న రోజులవి. నేను నా గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని.

అన్నం పెట్టడం ఇంకా రోతగా ఉండేది. పప్పన్నం మెత్తగా పిసికి ముద్దలు చేసి గిన్నె అంచున వరసగా పెట్టుకునేవాడు. బండ్లు మెట్ల మీంచి దొర్లుతుంటే పిల్లవాడు నోరు తెరిచేవాడు. ముద్ద పెట్టేవాడు. వాడు నమిలేవాడో లేదో తెలియదు, గొంతు మాత్రం కదిలేది. కొన్నిసార్లు బుగ్గలో అలాగే ఉండిపోయి, పక్కనుంచి పసుపు రంగు చార కారి గడ్డం మీదికి, అక్కడినుంచి ఫోన్ మీదికి చుక్కలుగా పడేది. కడుపు నిండిందో లేదో వాడికీ తెలియదు, పెట్టేవాడికీ తెలియదు. ముద్దలు అయిపోతే భోజనం అయిపోయినట్టు. గిన్నె ఖాళీ అయినా వాడి వేలు ఇప్పుడు తిరిగేది కాదు. ఒకరోజు నేను గుమ్మంలోంచే చూస్తుండగా, మొత్తం తిన్నాక వాంతి చేసుకున్నాడు. ఫోన్ వైపు నుంచి చూపు తిప్పకుండానే చేసుకున్నాడు. తాత తువాలుతో ముందు ఫోన్ తుడిచాడు, తరువాత పిల్లవాణ్ని.

"నువ్వు పోరన్ని సాకుతున్నవా, సాంచాకు నూనె పోస్తున్నవా?" అన్నాను.

కోడలు రాళ్ల మీంచి తలెత్తింది. ఆమె సూరత్‌లోనే పుట్టి పెరిగింది, ఆమె తెలుగులో హిందీ ఎక్కువ.

"పెద్దమ్మా, గోంద్ సూఖ్ జాతే. పది నిమిషాలల్ల రాళ్లు పెట్టాలె. వీడు మీద వడితే మాల్ ఖరాబ్. మామ ఫోన్ ఇస్తుండు, వీడు చుప్ ఉంటుండు. నువ్వు ఎత్తుకుంటవా మరి?"

"తే, ఎత్తుకుంట."

"అరె, గడప దాటకుండ, మూతికి గుడ్డ కట్టుకోని చెప్తున్నవ్. ఎట్ల ఎత్తుకుంటవ్?"

పెద్దవయసు వాళ్లు ఎవరి దగ్గరికీ పోవద్దని చెప్పిన రోజులు. నేను పోలేదు. కానీ గడప ఇవతలి నుంచి చూసినంతమాత్రాన చీమిడి చీమిడి కాకుండా పోదు.

ఇక ఎర్ర గుండ్రం సంగతి. ఫోన్‌లో బొమ్మలు నడుస్తుండగా ఎవరైనా ఫోన్ చేస్తే బొమ్మలు ఆగిపోయి పేరో ముఖమో వస్తుంది, దాని కింద ఎత్తడానికి పచ్చ గుండ్రం, కట్ చేయడానికి ఎర్రది. పిల్లవాడు గుక్క పట్టేవాడు. ఇతనికి రింగు వినపడదు. ఆ పక్కనే ఉన్నా, వాడి నోరు తెరుచుకున్నాకే తెలిసేది. అందుకని ఉపాయం చేశాడు. వాడి బొటనవేలు పట్టుకుని ఎర్ర గుండ్రం మీద నొక్కించాడు. బొమ్మలు మళ్లీ వచ్చాయి. నాలుగైదు సార్లు అలా చేయించాడు. వారం తిరిగేసరికి వాడు సొంతంగా నేర్చుకున్నాడు.

ఆ రోజు అతని సంబరం చూడాలి. వరండా అంతా పిలిచాడు. నన్ను కూడా పిలిచాడు.

"అక్కా, జర నీ ఫోన్ కెల్లి నాకు ఫోన్ కొట్టు!"

"ఎందుకు?"

"కొట్టు, తమాషా సూడు."

కొట్టాను. అవతల మూలలో పిల్లవాడు తల కూడా కదపకుండా, బొటనవేలు మాత్రం చాపి, నా కాల్ కట్ చేశాడు. బొమ్మలు వచ్చాయి.

"సూసినవా! రెండేండ్లు నిండలే. సేఠ్ ఫోన్ జేసినా కట్ జేస్తడు!" అని పొట్ట రాసి బుగ్గలు పూరించాడు. వరండాలో అందరూ నవ్వారు. పిల్లవాడు నవ్వలేదు, తల ఎత్తలేదు. ఆ సంగతి ఆ రోజు నేనొక్కదాన్నే గమనించాననుకుంటాను.

నేను అతనికి చెప్పాను. వాడికి లాక్‌డౌన్‌కు ముందు వచ్చిన సైగలు కూడా ఇప్పుడు రావట్లేదని, కావాలంటే చూడమని చెప్పాను. నమ్మలేదు. మరునాడు పగలు, నేను గుమ్మంలో ఉండగానే, పిల్లవాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. బొటనవేలు పెదవులకు వంచాడు. చాయ్. వాడు చూడలేదు. వేలు గిర్రున తిప్పాడు. పిల్లవాడు చిరాకుగా మెడ పక్కకు వంచి, ఆ వేలు వెనక ఉన్న ఫోన్ చూశాడు. ముసలివాడు బుగ్గలు పూరించి పొట్ట రాశాడు. మళ్లీ రాశాడు. పిల్లవాడు చేత్తో అతని ముఖాన్ని పక్కకు తోశాడు, అడ్డొచ్చిన తెరను తోసినట్టు.

 అతను ఫోన్ తీసుకుని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాడు.

పిల్లవాడి నోరు తెరుచుకుంది. కింద సాంచాలు నడుస్తున్నాయి, వాటి మీంచి కూడా ఆ ఏడుపు వినపడింది. అతనికి తప్ప అందరికీ వినపడింది. అతను ఆ నోటిని చూస్తూ కూర్చున్నాడు. పిల్లవాడు వెల్లకిలా పడి నేలకేసి తల కొట్టుకున్నాడు. తాత అరచెయ్యి అడ్డం పెట్టాడు. అరచేతి మీద కొట్టుకున్నాడు. అతను ఇంకో చేత్తో వేలు తిప్పాడు, అరచెయ్యి తోశాడు, పొట్ట రాశాడు, ఆ ఒక్క చేత్తో వీలైనవన్నీ చూపించాడు. వరండాలోంచి పక్కవాళ్లు తొంగి చూశారు. అలా అరగంట. అరగంట కంటే ఎక్కువ కాదు, నా గోడ గడియారం ఎదురుగానే ఉంది.

"మామా, ఇచ్చెయ్ రాదూ!" అంది కోడలు. ఆమె చేతిలో సగం రాళ్లు, చీర మీద ఆరిపోతున్న జిగురు. "నా మాల్ ఖతం. సాయంత్రం మాల్ ఇచ్చినోడు తీస్కపోను వస్తడు. నీ కాళ్లు మొక్కుత, ఇచ్చెయ్."

అతను నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, ఇవ్వొద్దని. ఇంకొంచెం సేపు ఓపిక పడితే ఆ ఏడుపు దానంతట అదే అలసిపోయేది. ఈ మాట ఇప్పటికీ అంటాను.

అతను లేచి బియ్యం డబ్బా మూత తీశాడు. ఫోన్‌కు అంటిన బియ్యపు పిండిని, బొటనవేలు నాలుకకు రాసుకుని, తుడిచాడు.

"తెగితే అతకాలె గదక్కా," అన్నాడు. ఆ రోజు అరవలేదు. అతను మెల్లగా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

పిల్లవాడి నోరు మూతపడింది. నేను లోపలికి వచ్చి చేతులు కడుక్కున్నాను, నేను ఏదీ ముట్టుకోకపోయినా.

2021 ఏప్రిల్‌లో అతనికి దగ్గు వచ్చింది. ఊళ్లో అంబులెన్సుల కూత ఆగని రోజులు. మూడోనాటికి మెట్లు ఎక్కలేకపోయాడు. కొడుకు ఆటో తెచ్చాడు. వెళ్లేముందు ఫోన్ తీసుకోమని కోడలు అంది. ఫోన్ కోను పీట మీద ఉంది, పిల్లవాడు దాని ముందున్నాడు.

"వద్దు," అన్నాడు, ఊపిరి మధ్య. "పోరడు ఏడుస్తడు."

గడప దగ్గర ఆగి వాడి చెవి తమ్మె పట్టుకుని నలిపాడు. వాడు తల విదిలించుకున్నాడు. ఆటో వెళ్లిపోయింది.

ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు. కొడుకు బయట చెట్టు కింద రెండు రోజులు కూర్చున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం లోపల ఒక నర్సు పుణ్యాన, ఆమె ఫోన్‌లోంచి, ముసలివాడికి ఇంటివాళ్లను చూపించే వీలు కలిగింది. అతనికి నోటికి వచ్చిన నంబర్ ఒక్కటే, తన సొంతది. దానికే చేయించాడు.

అది నాకు ఎలా తెలుసంటే, లోపలి నుంచి కబురు అందగానే కొడుకు ఆ చెట్టు కింద నుంచి భార్య ఫోన్‌కు చేసి, బాపు చేస్తున్నాడు, ఎత్తు, ఎత్తు అని అరిచాడు. ఆమె నా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఇద్దరం లోపలికి పరుగెత్తాం. ఆ రోజు నేను గడప దాటాను.

పిల్లవాడి ఎదుట బొమ్మలు ఆగి ఉన్నాయి. తెలియని నంబర్. వాడి బొటనవేలు అప్పటికే సాగింది. ఎర్ర గుండ్రం. బొమ్మలు వచ్చాయి.

మళ్లీ మోగింది. కోడలు చెయ్యి చాపేలోపల వాడు మళ్లీ నొక్కాడు.

మూడోసారి ఆమె పిల్లవాణ్ని ఒళ్లోకి లాక్కుని రెండు చేతులూ పట్టుకుంది. నేను పచ్చ గుండ్రం నొక్కాను. అద్దం జిడ్డుగా ఉంది, నా వేలు జారింది, మళ్లీ నొక్కాను. ముఖం వచ్చింది. ముక్కూ నోరూ కప్పిన ప్లాస్టిక్ మాస్కు. దాని లోపల ఆవిరి. అతను మాట్లాడలేడు. మాట్లాడినా, ఇక్కడ కింది సాంచాల చప్పుడులో మాకు వినపడదు. కళ్లు మా ఇద్దరినీ దాటి వెతికాయి. నేను ఫోన్‌ను పిల్లవాడి ఎదుటికి తిప్పాను.

అతను చెయ్యి ఎత్తాడు. దానికి గొట్టం అంటించి ఉంది. మాస్కు కింద బుగ్గలు పూరించడానికి ప్రయత్నించాడు. పొట్ట మీద చెయ్యి పెట్టి గుండ్రంగా రాశాడు. ఒక చుట్టు. రెండో చుట్టు సగంలో ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు.

"తాత, తాత, సూడు బేటా, తాత!" అంటోంది కోడలు, ఏడుస్తూ.

పిల్లవాడు గుక్క పట్టి ఏడుస్తున్నాడు, బొమ్మల కోసం. మెడ వంచి ఆ ముఖం వెనకాల ఏముందో చూడబోయాడు. ఏడుపులో ఒళ్లంతా విరుచుకుని ఒక చెయ్యి విడిపించుకున్నాడు. నేను ఫోన్ వెనక్కి లాగేలోపల బొటనవేలు చాపాడు.

బండ్లు మెట్ల మీంచి దొర్లాయి. పిల్లవాడి ఏడుపు ఆగింది. నోరు తెరిచాడు, ముద్ద కోసం.

ఆ తరువాత మేం ఆ నర్సు నంబర్‌కు చాలాసార్లు చేశాం. ఎత్తలేదు. ఆమెకు ఎంతమంది ఉన్నారో. మరునాడు ఉదయం ఆసుపత్రి నుంచి కొడుకు ఫోన్‌కు పిలుపు వచ్చింది. దానికి బొమ్మ లేదు, గొంతు మాత్రమే.

లెక్క ఇది. పోనివి ముందు రాస్తాను. ఫోన్ పోలేదు. అద్దం ఒక మూల పగిలింది, పని చేస్తుంది. పిల్లవాడి మాటలు పోలేదు. మూడున్నరేళ్లకు వచ్చాయి, ఇప్పుడు బడిలో గుజరాతీ, ఇంట్లో హిందీ గలగలా మాట్లాడతాడు. కాబట్టి వాటిని నష్టంలో వేయను. ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టిన రోజు చీర కూడా పోలేదు, సాయంత్రానికి సరుకు అప్పగించారు.

పోయినవి: ఒక మనిషి, అరవై మూడేళ్లు. ఎత్తిన కాల్ ఒకటి. చేతి మాటలు ఐదు. అవి తెలిసినవాళ్లు ఆ ఇంట్లో ఇద్దరు ఉండేవారు, ఒకడు పోయాడు, ఒకడు మరిచాడు. నాకు ఐదూ గుర్తున్నాయి కానీ వాటితో నేను ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు. తెలిసినవాళ్ల లెక్కలో నన్ను కలపను.